మా సగం డొల్ల గిటారు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోను చేసినప్పుడు అదృష్టం కొద్దీ మేం నలుగురం ఒకచోటే ఉన్నాం. చదువు విలువ, క్రమశిక్షణ, తల్లిదండ్రుల కష్టం... వీటి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. బాగానే రాస్తున్నారు కూడా. అందుకని "మేం గిటారు కొన్న సంగతి రాస్తాం సార్" అన్నాం. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, పిల్లలకి పనికొచ్చేలా రాయండి" అన్నారు. పనికొస్తుందో లేదో చదివిన తమ్ముళ్ళే చెప్పాలి.

ముందు మేమెవరమో చెప్పుకోవాలి. మన హాస్టల్లో చేరిన రోజున ట్రంకు పెట్టె మీద, కంచం మీద, గ్లాసు మీద తెల్ల పెయింటుతో ఒక నంబరు వేస్తారు కదా, మా నంబర్లు 14, 22, 31, 40. 2013లో ఆరో తరగతిలో పడ్డ ఆ నంబర్లే ఈ రోజుకీ మా ఫోన్లలో మా పేర్లు. 14 విశాఖపట్నంలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో పనిచేస్తూ ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు. 22 ఐటీఐ చేసి రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లు బాగుచేస్తాడు. 31 రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. 40 విశాఖలోనే ఎం.ఏ. చదువుతున్నాడు. వాళ్ళింట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాడు వాడే కాబట్టి ఇది రాసే పని వాడి నెత్తిన పెట్టాం. చెయ్యి వాడిది, మాట నలుగురిదీ.

గిటారు పిచ్చి మాకు పట్టింది తొమ్మిదో తరగతిలో. 2016 డిసెంబరులో హాస్టల్ పక్క చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి రాజమండ్రి నుంచి ఒక బృందం వచ్చింది. కీబోర్డు, డ్రమ్ముల ప్యాడ్, మైకులు, అన్నీ కరెంటువే. గోడ పక్కన నిలబడి చూస్తున్నాం. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, మైకు ఆగింది. గిటారు మాత్రం ఆగలేదు. చీకట్లో చిన్నగా, ఎవరో దూరంగా మాట్లాడుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. అది వైరు పెట్టి వాయించే ఎలక్ట్రిక్ గిటారు. వైరులో కరెంటు లేకపోతే ఎలా మోగింది? లైట్లు వచ్చాక 14 వెళ్ళి అదే అడిగాడు. వాయించినాయన నవ్వి, గిటారు పొట్ట మీద అటూ ఇటూ ఉన్న పొడుగాటి రంధ్రాలు చూపించి "ఇది సెమీ హాలో తమ్ముడూ. సగం డొల్ల" అన్నాడు. ఒక్కసారి మీటనిచ్చాడు. ఆ ఒక్క మీటుకి ఎనిమిదేళ్ళు తిరిగాం మేం.

ఆ సగం డొల్ల ఏమిటో మాకు తర్వాత్తర్వాత తెలిసింది. 22 మోటార్ల మనిషి కాబట్టి వాడు చెబితేనే బాగా అర్థమైంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటాయి. దాన్ని పికప్ అంటారు. ఉక్కు తీగ ఊగితే ఆ చుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. సైకిలు డైనమో లాంటి సంగతే. ఆ చిటికెడు కరెంటుని ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరులోకి పంపుతుంది. నైలాన్ తీగలు కట్టిన గిటారుకి ఈ పద్ధతి పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే.

1936లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇ.ఎస్.-150 అనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. అది లోపలంతా డొల్ల. దానితో వచ్చిన తంటా మన ఊళ్ళో మైకు సెట్టు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. మైకు స్పీకరు వైపు తిరిగితే "కూయ్" మని కూస్తుంది కదా, అదే. స్పీకరు శబ్దం వచ్చి డొల్ల పొట్టకి తగులుతుంది, పొట్ట ఊగుతుంది, తీగలు ఊగుతాయి, పికప్ దాన్ని మళ్ళీ స్పీకరుకే పంపుతుంది. ఇలా తిరిగి తిరిగి చివరికి కూత. డాన్సు హాళ్ళలో జనం పెరిగి శబ్దం పెంచాల్సి వచ్చేకొద్దీ కూత కూడా పెరిగింది.

దీనికి విరుగుడు వెతికినవాళ్ళలో లెస్ పాల్ ఒకడు. 1940 ప్రాంతంలో ఆయన నాలుగంగుళాల చదరపు దూలం తీసుకుని దాని మీదే తీగలూ పికప్పూ బిగించాడు. దూలం ఊగదు కాబట్టి కూత లేదు. కానీ చూడ్డానికి గిటారులా లేదని, ఒక పాత ఎపిఫోన్ గిటారు పొట్టని రెండు ముక్కలుగా కోసి దూలానికి చెరో పక్కా రెక్కల్లా తగిలించాడు. దానికి "లాగ్" అనే పేరొచ్చింది, అంటే దుంగ. 1950 తర్వాత ఫెండర్, గిబ్సన్ కంపెనీలు పూర్తిగా గట్టి చెక్క గిటార్లు అమ్మకానికి తెచ్చాయి. వాటికి కూత బెడద తక్కువ, కానీ డొల్ల గిటారులో ఉండే గాలి గొంతు పోయింది. ఆఖరికి 1958లో గిబ్సన్ వాళ్ళు ఇ.ఎస్.-335 తయారుచేశారు. పల్చటి పొట్ట, మధ్యలో మెడ నుంచి కింది దాకా మేపుల్ చెక్క దిమ్మ, దిమ్మకి రెండు పక్కలా డొల్ల. మధ్యన గట్టి, పక్కల గాలి. రెండు రకాల గుణమూ ఒకదానిలోనే. సెమీ హాలో అంటే ఇదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, వస్తువు ఎందుకు అలా పుట్టిందో తెలిస్తే అది మనకి కావాలో వద్దో తెలుస్తుంది. మాకు మాత్రం ఆ సంగతి తెలియడానికి ముందు ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది.

2023 జనవరి నుంచి తలా అయిదొందలు నెలనెలా 31 దగ్గర దాచడం మొదలుపెట్టాం. 40 ఆదివారాలు కేటరింగు వాళ్ళతో పెళ్ళిళ్ళలో వడ్డనకి వెళ్ళేవాడు. 22 రాత్రి డ్యూటీలు ఒప్పుకునేవాడు. అక్టోబరుకి ఇరవై వేలయ్యాయి. సరిగ్గా అప్పుడే 31 వాళ్ళ చెల్లెలికి నర్సింగు సీటొచ్చి, ఫీజు కట్టే గడువు నాలుగు రోజులుంది. వాడు మాతో చెప్పలేదు. డబ్బు వాడి పెట్టెలోనే ఉంది, లెక్క వాడి పుస్తకంలోనే ఉంది, అయినా చెప్పలేదు. సంగతి 14కి ఎలాగో తెలిసి "ముందు అది కట్టరా, గిటారెక్కడికి పోతుంది" అన్నాడు. పన్నెండు వేలు తీశాం. ఎనిమిది వేలు మిగిలాయి. మళ్ళీ మొదటి నుంచి.

అప్పుడు మేం నలుగురం ఒక మాట అనుకున్నాం, పైకి ఎవరూ అనలేదు. మనలాంటి వాళ్ళకి గిటారెందుకు? మా నాన్నల కూలి రోజుకి అయిదొందలు. ముప్ఫై వేలంటే అరవై రోజుల ఎండ. ఇంటి మీద రేకులు మార్చాలి, అప్పులున్నాయి. ఈ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వదల్లేదు. దీనికి జవాబు చివర్లో చెబుతాం, ఎందుకంటే మాకూ చివర్లోనే దొరికింది.

2024 అక్టోబరుకి ముప్ఫై రెండు వేలు పోగయ్యాయి. నలుగురం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని విశాఖలో ఒక సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్ళాం. కౌంటర్లో ఉన్నతను మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి "బడ్జెట్ ఎంత?" అన్నాడు. ఏం వాయిస్తారని గానీ, ఎక్కడ వాయిస్తారని గానీ అడగలేదు. ఎర్రటి గిటారు, సంచీ, చిన్న ఆంప్, బెల్టు, అన్నీ కలిపిన ఒక ప్యాకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కొత్తవాళ్ళంతా ఇదే తీసుకుంటారు" అన్నాడు. పై వరసలో ఎఫ్ ఆకారపు రంధ్రాలున్న గిటారు ఒకటి వేలాడుతోంది. 14 దాన్ని ఒకసారి దింపి చూపించమన్నాడు. "అది కొనేవాళ్ళకే తీస్తామండి" అన్నాడతను.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సిన సంగతి. మేం నలుగురం ఒకేసారి "సరే సార్" అన్నాం! 31 డబ్బులు తీసి లెక్కపెట్టడం కూడా మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళుగా గిటారు తప్ప ఇంకోటి తలవని 14 కూడా తలొంచుకుని నిలబడ్డాడు. 22కి ఏమనిపించిందో గానీ, "గొంతెండిపోతోంది, మజ్జిగ తాగొద్దాం రండ్రా" అని మమ్మల్ని బయటికి లాగాడు. బండి దగ్గర మజ్జిగ తాగుతుంటే ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు. చివరికి 31 అన్నాడు, "ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డట్టు నిలబడ్డాం కదరా."

తమ్ముళ్ళూ, తప్పుగా అనుకోకండి. ఆ లైను లేకపోతే మాకు చదువు లేదు. ఆ అన్నం తిన్నాం, ఆ దుప్పటి కప్పుకున్నాం. కానీ ఒకసారి ఆలోచించండి. యూనిఫాం గుడ్డ అందరికీ ఒకే కొలత. ఆరో తరగతివాడికి చొక్కా మోకాళ్ళ దాకా వస్తుంది, పదో తరగతివాడికి బొడ్డు దగ్గరే ఆగుతుంది. సబ్బు వాళ్ళిచ్చిందే, నూనె వాళ్ళిచ్చిందే, పెట్టె రంగు వాళ్ళు వేసిందే. ఇది కావాలి, అది వద్దు అని నోరు తెరిచి చెప్పే పని మాకు అయిదేళ్ళలో ఒక్కసారీ పడలేదు. ఇంటర్లో గ్రూపు కూడా సీటున్నదే తీసుకున్నాం. అలా అలవాటైనవాడి చేతిలో ముప్ఫై రెండు వేలు పెట్టి "నీకేం కావాలో చూసుకో" అంటే ఏం చేస్తాడు? ఎదురుగా పెట్టిందానికి సరే సార్ అంటాడు.

ఆ రాత్రి 40 హాస్టల్ గదిలో నలుగురం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. గిటారు పేర్లు కాదు, మా అవసరాలు. ఒకటి, రాత్రిళ్ళు పక్క గదుల్లో పోటీ పరీక్షలకి చదువుకునే వాళ్ళుంటారు, ఆంప్ పెట్టకుండా మన చెవికి మాత్రం వినబడాలి. గట్టి చెక్క గిటారు ఆంప్ లేకపోతే మరీ సన్నగా వినిపిస్తుంది, పూర్తి డొల్లది మరీ పెద్దగా మోగుతుంది. రెండు, ఆదివారం చర్చిలో మెత్తగా పలకాలి. మూడు, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మా ఊళ్ళో డప్పుల పక్కన వాయించాలి, శబ్దం పెంచితే కూత రాకూడదు. నాలుగు, ఎక్కడైనా పాడైతే మనమే బాగుచేసుకోగలగాలి. ఈ నాలుగో దాని దగ్గర 22 గొడవపడ్డాడు. సెమీ హాలోకి వెనక మూత ఉండదు, లోపల వైరు తెగితే ఆ ఎఫ్ రంధ్రంలోంచే అన్నీ బయటికి లాగాలి, మళ్ళీ దారం కట్టి లోపలికి పంపాలి. "అది రిపేరు కాదు, బావిలో బొక్కెన వెతకడం" అన్నాడు. మిగతా మూడింటికీ మాత్రం సెమీ హాలోనే జవాబు.

ఆ రాత్రే ఇద్దరి ప్రస్తావన వచ్చింది. ఒకరు మన జిల్లా మనిషి, పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు. 2014 సెప్టెంబరు 19న ఆయన చనిపోయినప్పుడు మేం ఏడో తరగతి. స్టడీ అవర్లో వార్డెన్ గారు ఆయన గురించి చెప్పడం గుర్తుంది. మామూలు మాండలిన్‌కి జంటలుగా ఎనిమిది తీగలుంటాయి, స్వరం పుట్టిన వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకాలకి స్వరం నిలవాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, ఒంటి తీగలు అయిదు కట్టుకుని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నారు. దొరికిన వాయిద్యానికి సరే సార్ అనలేదు.

రెండోవారు బి.బి. కింగ్. 1925లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి గాయకుడు. చిన్నప్పుడు పత్తి చేలల్లో పత్తి తీశాడు, ట్రాక్టరు తోలాడు. 1949లో ఆర్కన్సాలో ట్విస్ట్ అనే ఊళ్ళో వాయిస్తుంటే, ఇద్దరు కొట్టుకుని చలిమంట పీపాని తన్నేశారు. హాలు అంటుకుంది. బయటపడ్డవాడు గిటారు కోసం మళ్ళీ మంటల్లోకి పరుగెత్తాడు. ఆ కొట్లాట లూసిల్ అనే ఆవిడ గురించి అని తర్వాత తెలిసి, ఇంకెప్పుడూ అలాంటి పిచ్చిపని చెయ్యకూడదని తన గిటారుకి ఆ పేరే పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆయన గిటార్లన్నీ లూసిల్లే. వాటిలో ఎక్కువ కాలం ఆయన చేతిలో ఉన్నవి 335 కుటుంబానికి చెందిన సెమీ హాలోలు. 1980లో గిబ్సన్ ఆయన కోసం తెచ్చిన లూసిల్ మోడల్‌కి కూత తగ్గడానికి ఎఫ్ రంధ్రాలే లేకుండా చేశారు. పత్తి చేలో పుట్టినవాడికి గిటారెందుకని అక్కడ కూడా ఎవరో అనే ఉంటారు.

కొత్త 335 కొనడం మా తరం కాదు. అదే నమూనాలో ఎపిఫోన్ వాళ్ళ "డాట్" అనే గిటారుంది. ఎపిఫోన్‌ని 1957లోనే గిబ్సన్ యజమానులు కొనేశారు, కాబట్టి అది దొంగ నకలు కాదు. సెకండ్ హాండ్‌లో ఒకటుందని 14 వాళ్ళ చర్చి పెద్దాయన చెప్పారు. అమ్మేవారు రైల్వేలో రిటైరైన ఒకాయన, వయసులో ఆర్కెస్ట్రాలో వాయించారట. ఇప్పుడు వేళ్ళు మొరాయిస్తున్నాయి. ధర ముప్ఫై వేలు చెప్పారు.

మేం వెళ్ళే రోజుకి 14 వాళ్ళ నాన్న కంటి పరీక్షకని విశాఖ వచ్చి ఉన్నాడు. మేం బాబాయ్ అని పిలుస్తాం. బాబాయ్ మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న డప్పు మనిషి. ఈ సంగతి 14 కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఫ్లెక్సీ షాపులోనూ చెప్పలేదు. మీ నాన్న ఏం చేస్తారంటే వ్యవసాయం అనేవాడు. ఆ రోజు కూడా "నువ్వు గదిలో పడుకో నాన్నా, మేం వెళ్ళొస్తాం" అన్నాడు. "నేనూ చూత్తాను, ఏం?" అని బాబాయ్ కండువా దులుపుకుని లేచాడు.

పెద్దాయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు. తను తాగే కప్పుల్లోనే కాఫీ ఇప్పించారు. ఇలాంటివి మన కంట పడకుండా పోవు. పెట్టె తెరిచారు. గోధుమ రంగు గిటారు, మెడ మీద చిన్న తెల్ల చుక్కలు. 14 తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు గానీ వాయించలేదు, చేతులు వణుకుతున్నాయి. మేం కాగితంలో రాసుకున్నవి ఒక్కొక్కటే చూశాం. తీగని మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి మధ్యలో ఖాళీ చూశాం, మెడ వంగిందేమోనని. పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిగా పలుకుతోందో లేదో చూశాం. 22 ఆంప్‌కి తగిలించి, రెండు పికప్పులూ విడివిడిగా, కలిపీ విన్నాడు, నాలుగు బిరడాలూ తిప్పి గరగర వస్తుందేమో చూశాడు. అన్నీ బాగున్నట్టే ఉన్నాయి.

అప్పుడు బాబాయ్ లేచి "బాబుగారూ, ఒకసారి ముట్టుకోవచ్చాండీ?" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, కండువాకి తుడుచుకుని వచ్చాడు. గిటారుని బోర్లా పెట్టి వీపు మీద వేలి కణుపుతో అంచు నుంచి మధ్యకి కొట్టుకుంటూ పోయాడు. డుమ్, డుమ్, డుమ్, టక్. మళ్ళీ అటు అంచు నుంచి. డుమ్, డుమ్, టక్. "లోపల నిలువునా దూలం పెట్టారాండీ?" అన్నాడు. పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టేశారు. మేం ఆర్నెల్లు చదివి తెలుసుకున్న 1958 సంగతి బాబాయ్‌కి నాలుగు దెబ్బల్లో తెలిసిపోయింది!

అంతటితో ఆగలేదు. బిరడాలుండే తల వెనక్కి తిప్పి, మెడ తలతో కలిసే చోట బొటనవేలి గోరు అడ్డంగా లాగాడు. ఒకచోట ఆపాడు. "ఇక్కడ ఇరిగిందండి" అన్నాడు. మాకు ఎంత చూసినా గీత కనబడలేదు. పెద్దాయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. "స్టాండు మీంచి పడింది. అతికించాను. మీరు అడిగితే చెబుదామనుకున్నాను" అన్నారు. ఈ రకం గిటార్ల తల వెనక్కి వాలి ఉంటుంది, పడితే అక్కడే విరుగుతుందని మాకు ఆ తర్వాత తెలిసింది. బాబాయ్ తల పట్టుకుని కొంచెం వంచి చూసి "జిగురు బాగా పట్టిందండి. దీనికి ఢోకా లేదు. కానీ ఇరిగిందానికీ ఇరగనిదానికీ ఒకటే ధర కాదు కదండీ" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఇరవై నాలుగు వేలకి తెగింది. ఆయనే పాత ఆంప్ ఒకటి అయిదు వేలకి ఇచ్చారు.

వచ్చేటప్పుడు బస్సులో 14 అడిగాడు, "నాన్నా, అతుకు ఎలా తెలిసింది?" బాబాయ్ కిటికీ లోంచి చూస్తూ చెప్పాడు. డప్పు చట్రానికి చెక్క ఎలా చూడాలో, అతుకు దగ్గర వేలు ఎలా ఆగుతుందో, తోలు ఆరిందో లేదో గోటితో కొడితే ఎలా తెలుస్తుందో, చింతగింజల జిగురు ఎప్పుడు పట్టినట్టో, మంట దగ్గర ఎంతసేపు కాస్తే ఎంత బిగువొస్తుందో. 14 పుట్టి ఇరవై మూడేళ్ళు. ఇవన్నీ వాళ్ళ నాన్నని అడగడం అదే మొదటిసారి. మరుసటి వారం ఫ్లెక్సీ షాపులో ఎవరో గిటారు గురించి అడిగితే "మా నాన్న చూసి కొన్నాడు. ఆయన డప్పు వాయిస్తాడు" అని చెప్పాడట. వాడు మాకు చెప్పలేదు, 40 షాపుకి వెళ్ళినప్పుడు వాళ్ళు చెప్పారు.

ఆ బస్సులో మాకు ఒక సంగతి తట్టింది. మాకు ఎంచుకోవడం రాదనుకున్నాం. అది అబద్ధం. మా అమ్మలు సంతలో ఎండుచేపల కుప్ప ముందు కూర్చుంటే వాసన చూసి ఏది ఏ రోజుదో చెబుతారు. విత్తనాలు చేటలో పోసి ఒక్క విసురులో తాలు వేరుచేస్తారు. చేతిలో ఉన్నది యాభై రూపాయలే కాబట్టి, ఒక్కటి తప్పు ఎంచినా ఆ పూట గడవదు కాబట్టి, వాళ్ళంత జాగ్రత్తగా ఎంచుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ విద్య ఇంట్లోనే ఉంది. పెట్టె మీద నంబరు వేయించుకుని హాస్టల్‌కి వచ్చేటప్పుడు మేం దాన్ని గుమ్మం దగ్గర వదిలేసి వచ్చాం. చదువుకున్నవాళ్ళమయ్యాం కాబట్టి, అది విద్యే కాదనుకున్నాం కూడా.

2025 ఏప్రిల్ 14న మా ఊళ్ళో వాయించాం. ఆరు డప్పులు, ఒక గిటారు. రెండో పాటకి శబ్దం పెంచగానే కూత మొదలైంది. సగం డొల్ల అంటే కూత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. 22 ఆంప్ వైపు పరుగెత్తాడు. డప్పు కొడుతూనే బాబాయ్ అరిచాడు, "స్పీకరుకి ఎదురుగా నిలబడకురా, పక్కకి తిరుగు!" తిరిగాడు. ఆగింది. పెళ్ళి ఊరేగింపుల్లో మైకు సెట్ల పక్కన ముప్ఫై ఏళ్ళు నడిచిన మనిషికి ఇదొక లెక్కా!

నెల తిరక్కుండానే లోపల జాక్ ఊడి పొట్టలో పడింది. 22 చెప్పినట్టే అయింది. దారం కట్టి, సైకిలు పుల్ల వంచి, మూడు గంటలు కూర్చుని బయటికి తీశాడు. ఆ మూడు గంటలూ మమ్మల్ని తిట్టాడు. కాబట్టి తమ్ముళ్ళూ, అందరూ సెమీ హాలోయే కొనండని మేం చెప్పడం లేదు. బాగా రగిలించి, రాళ్ళు దొర్లినట్టు వాయించేవాడికి గట్టి చెక్కదే మేలు. పొట్ట వెడల్పు పదహారంగుళాలు, చిన్నపిల్లల చేతికి ఇబ్బంది. సముద్రం గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. మా అవసరాలకి అది సరిపోయింది, అంతే. మీ కాగితం మీరు రాసుకోండి.

మనలాంటి వాళ్ళకి గిటారెందుకు అనే ప్రశ్నకి జవాబు చెబుతామన్నాం. ఏప్రిల్ 14 రాత్రి అందరూ వెళ్ళిపోయాక బాబాయ్ డప్పు గోడకి తగిలించి, గిటారు తీసి ఒడిలో పెట్టుకున్నాడు. వాయించడం రాదు. ఆంప్ లేదు. బొటనవేలితో ఒక్కొక్క తీగే మీటుతూ, పొట్టకి చెవి ఆనించి, అది పూర్తిగా ఆరిపోయే దాకా విని, తర్వాతి తీగ మీటాడు. అలా ఆరు తీగలూ. మా దగ్గర ఉన్న జవాబు అదే.

వార్షికోత్సవం రోజు గిటారు భోజనాల హాల్లో బల్ల మీద ఉంటుంది. బీరువాలో పెట్టి తాళం వెయ్యం. ఎవరైనా తీసి చూడొచ్చు, కణుపుతో కొట్టి దూలం ఎక్కడుందో కనిపెట్టొచ్చు, అతుకు ఎక్కడో గోటితో వెతకొచ్చు. ఒక్కటే షరతు. ముందు చేతులు కడుక్కుని రండి, చెమట తీగలకి పడదు.

— 14, 22, 31, 40
పూర్వ విద్యార్థులు